దాలయ్య కారు హీటరు

మా వైపు కారులో హీటరు అనేది ఒకటి ఉంటుందని చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా దాని మీట ముట్టుకున్న పాపాన పోలేదు. ఎచ్చెర్ల దాటి సముద్రం వైపు వస్తే మాదే ఆఖరి ఊరు. పుష్యమాసంలో కూడా పగటిపూట చొక్కా విప్పి కూర్చునే ఊరు. అలాంటి చోట ఒక మనిషి పాత కారు లోపలి భాగమంతా ఊడదీసి, హీటరు మారుస్తానని కూర్చుంటే జనం చూడడానికి రాకుండా ఉంటారా? వచ్చారు. నేనూ వెళ్ళాను. నా వలల కొట్టు అతని ఇంటికి ఎదురుగానే ఉంది కాబట్టి, వెళ్ళడం అంటే రోడ్డు దాటడమే.

ఆ మనిషి పేరు దాలయ్య. మా పినతండ్రి కూతురు బుల్లమ్మ మొగుడు. నన్ను బావా అంటాడు. వయసులో నాకన్నా చిన్న కాబట్టి నేను పేరు పెట్టే పిలుస్తాను. మంచివాడే, కానీ నోట్లోంచి మాట ఊడిపడడానికి గంట పడుతుంది. అలాంటివాళ్ళతో నాకు చిరాకు. ఏ సంగతైనా కడుపులో పెట్టుకొని తిరుగుతారు, పక్కవాడు ఊహించుకొని చావాలి.

మీసాలు రాకముందే తండ్రితో తెప్ప ఎక్కినవాడు దాలయ్య. తెప్పల కాలం పోయి ఇంజను పడవలు వచ్చాక వాటి మీదా వేటకి వెళ్ళాడు. వలలు లాగిలాగి కుడి భుజం పాడైంది. చెయ్యి తల మీదికి లేవకపోతే వేటకి పనికిరాడు కదా. అప్పుడు మొగుడూ పెళ్ళాం కలిసి ఎండుచేపల వ్యాపారంలోకి దిగారు. నెత్తళ్ళు, కవళ్ళు, సావడాయిలు ఇక్కడ ఎండబెట్టి, సోమవారం సీతంపేట సంతకి తీసుకెళ్ళి కొండ మీది జనానికి అమ్ముతారు. అందుకోసమే, యూనివర్సిటీలో ఉద్యోగం చేసి రిటైరైన ఒక పెద్దమనిషి వదిలించుకుంటున్న చిన్న కారు కొన్నాడు. ఎనిమిదొందల సీసీ ఇంజను బండి. వెనక సీటు పీకేసి ఆ చోట చేపల బస్తాలు వేస్తాడు. ఏసీ ఎప్పుడో చచ్చిపోయింది. ఒకప్పుడు తెల్ల రంగు. ఆ కారు వస్తోందని కళ్ళు మూసుకున్నవాడికి కూడా తెలుస్తుంది, గాలి ఇటువైపు కొడితే చాలు.

తోలడం దాలయ్య పని, అమ్మడం బుల్లమ్మ పని. ఇందులో ఒకరి పని ఇంకొకరికి రాదు. బుల్లమ్మ సంతలో కూర్చుందంటే కొండ మీది సవర ఆడవాళ్ళు చుట్టూ మూగుతారు. వాళ్ళ భాషలో నాలుగు ముక్కలు నేర్చుకుంది. ఎవరి కూతురు పురిటికి వచ్చింది, ఎవరి మేక ఈనింది అన్నీ దానికి కావాలి. ఆ మాటల మధ్యలో బస్తా ఖాళీ అయిపోతుంది. దాలయ్య ఒకసారి దాని బదులు కూర్చున్నాడు. బేరం అడిగినవాళ్ళకి ధర చెప్పి, మళ్ళీ నోరు మూసుకొని కొండల వైపు చూస్తూ కూర్చున్నాడట. బస్తాలు ఎలా వెళ్ళినవి అలా తిరిగొచ్చాయి.

వాళ్ళిద్దరూ కారులో ముందు సీట్లలో కూర్చొని వెళ్తుంటే చూడడానికి బాగుండేది. ఆ మాట చెప్పడానికి నాకేమీ మొహమాటం లేదు. మా ఊళ్ళో మొగుడూ పెళ్ళాం పక్కపక్కన కూర్చొనేది పెళ్ళి పీటల మీద ఒకసారి, తర్వాత ఎవరైనా చచ్చిపోతే ఆటోలో ఒకసారి. మొగవాడు సముద్రం మీద, ఆడది గట్టు మీద. అలాంటిది వీళ్ళు వారం వారం అంత దూరం పక్కపక్కన వెళ్ళి వచ్చేవారు. దారంతా బుల్లమ్మ మాట్లాడుతుందనీ, తాను వింటాడనీ దాలయ్యే నాతో ఒకసారి అన్నాడు. అతను తనంత తానుగా చెప్పిన కొద్ది మాటల్లో అది ఒకటి.

పోయిన చలికాలం మొదట్లో బుల్లమ్మ కూర్చొనే వైపు కాళ్ళ కింద తడి కనబడింది. చేపల బస్తాల నీరనుకున్నారు. కానీ జిగురుగా ఉంది, వాసన తియ్యగా ఉంది. దానికి తోడు తెల్లవారుజామున ముందు అద్దం లోపలివైపు నూనె పూసినట్టు మసక కమ్మేది. బుల్లమ్మ చీర కొంగుతో తుడిచేది. ఆ కొంగుకి చేపల జిడ్డు. తుడిచినకొద్దీ అద్దం ఇంకా పాడయ్యేది.

లారీ డ్రైవర్లు చెప్పే వైద్యం ఒకటుంది. ఇంజను నీళ్ళలో గుప్పెడు పసుపు వేస్తే కన్నం పూడిపోతుందంటారు. దాలయ్య వేశాడు. కొన్నాళ్ళు తడి ఆగి, మళ్ళీ మొదలైంది. అప్పుడు హైవే మీద మెకానిక్కు ధనరాజు దగ్గరికి తీసుకెళ్ళాడు. ధనరాజు చేతిలో పని ఉంది, నోట్లో ఇంకా ఎక్కువ పని ఉంది. చూడగానే హీటరు కాయిల్ కారుతోందని కనిపెట్టాడు. ఇంజనులోని వేడినీళ్ళు ఒక పైపులోంచి ఆ కాయిల్లోకి వచ్చి, ఇంకో పైపులోంచి వెనక్కి పోతాయి. వెనక నుంచి ఫ్యాను ఊదితే వేడిగాలి అద్దానికి తగులుతుంది. కాయిల్ కి కన్నం పడితే ఆ నీళ్ళే కాళ్ళ మీద కారతాయి, ఆ ఆవిరే అద్దాన్ని పట్టుకుంటుంది.

"మావా, మనకి ఈటరెందుకు? ఎండకి సస్తన్నాం" అన్నాడట ధనరాజు. కాయిల్ జోలికి పోకుండా, దానికి వెళ్ళే రెండు పైపుల్నీ ఇంజను దగ్గరే ఒకదానికొకటి కలిపేశాడు. మా వైపు మెకానిక్కులందరూ చేసేది అదే. తడి ఆగిపోయింది. హీటరు కూడా ఆగిపోయింది. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అలా అయింది. మా ఊరికి హీటరు అక్కర్లేదు. సీతంపేట కొండదారికి, అందులోనూ ధనుర్మాసంలో తెల్లవారుజామున, అది కావాలి. ఆ సంగతి ధనరాజుకి తెలియదు. దాలయ్య చెప్పలేదు.

తర్వాత సోమవారమే అది జరిగింది. ఊళ్ళో అందరూ చెప్పుకున్నది ఇదీ. పాలకొండ దాటి కొండ ఎక్కుతుంటే మంచు కమ్మింది. బయట మంచు, లోపల బస్తాల చెమ్మ, ఇద్దరి ఊపిరి. అద్దం తెల్లగోడ అయిపోయింది. దాలయ్యకి రోడ్డు అంచు కనబడలేదు. కుడివైపు కొండ, ఎడమవైపు లోయ కాబట్టి, కొండ వైపే జరుగుతూ జరుగుతూ పోయి, రోడ్డుకి కుడిపక్కన కారు ఆపేశాడు. ఇంజను ఆపాడు. లైట్లు కూడా ఆర్పాడు. ఎందుకని అడిగితే జవాబు అతని దగ్గర లేదు, నా దగ్గర ఉంది. సముద్రం మీద మంచు కమ్మితే మావాళ్ళు చేసేది అదే. ఇంజను ఆపి చెవులు రిక్కిస్తారు. ఏ వైపు కెరటం విరుగుతోంది, ఏ వైపు ఇంకో పడవ కూస్తోంది అని వింటారు. చూపు పనిచేయనప్పుడు చెవి పనిచెయ్యాలి, ఇంజను మోతలో ఏమీ వినబడదు. దాలయ్య కొండదారి మధ్యలో దీపం లేకుండా, కిటికీలు దించుకొని విన్నాడు.

వినబడింది. ఎదురుగా బస్సు దిగుతోంది. ఆ డ్రైవరు దగ్గరికొచ్చేదాకా కారుని చూడలేదు. చూశాక ఎడమకి తిప్పితే కారుని గుద్దుతాడు, అందుకని కుడికి తిప్పాడు. అంటే కారుకి ఎడమవైపు, బుల్లమ్మ కూర్చున్న వైపు. ఆ వైపు డోరు బయట ఉండే చిన్న అద్దం ఎగిరిపోయింది. బస్సు కాస్త దూరంలో ఆగింది. కండక్టరు దిగివచ్చి దాలయ్యని తిట్టవలసిన తిట్లన్నీ తిట్టాడు. బుల్లమ్మ కారు దిగి, ఆ బస్సే ఎక్కి ఇంటికి వచ్చేసింది.

నేను కొట్టు ముందు కూర్చొని ఉంటే ఒంటరిగా ఆటో దిగింది. ఏమైందంటే చెప్పింది, ఆ అద్దం సంగతీ బస్సు సంగతీ.

"ఇంక ఆ కారు ఎక్కను అన్నా. అద్దంలోంచి దారి అగుపడతాదని నాకు నమ్మకం కుదిరినప్పుడు ఎక్కుతాను" అంది.

అప్పటినుంచి ఒక వింత మొదలైంది. సోమవారం వచ్చేసరికి దాలయ్య బస్తాలతో కారులో బయల్దేరేవాడు. బుల్లమ్మ చేతిసంచితో బస్సు కోసం వెళ్ళేది. ఎండుచేపల బస్తాల్ని బస్సు ఎక్కనివ్వరు, బుల్లమ్మ కారు ఎక్కదు. ఇద్దరూ ఒకే సంతకి, వేరువేరు బళ్ళలో. బుల్లమ్మ మూడు బస్సులు మారి చేరేసరికి సంత సగం అయిపోయేది. అప్పటిదాకా దాలయ్య బస్తాల పక్కన కొండల్ని చూస్తూ ఉండేవాడు. సవర ఆడవాళ్ళు వచ్చి, "మీ ఆవిడేది?" అని అడిగి వెళ్ళిపోయేవారట. ఊళ్ళో కుర్రాళ్ళు నవ్వుకున్నారు. నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండింది. ఒక అద్దం తుడవలేక కాపురాన్ని రెండు బళ్ళు చేసుకున్నారే అని.

దాలయ్య మళ్ళీ ధనరాజు దగ్గరికి వెళ్ళాడు. కొత్త కాయిల్ వెయ్యమన్నాడు. ధనరాజు ఒప్పుకోలేదు. ఆ కాయిల్ డాష్ బోర్డు వెనక, అన్నిటికన్నా లోపల ఉంటుంది. స్టీరింగు దగ్గర్నించి గ్లోవు పెట్టె దాకా అన్నీ విప్పితే గాని చెయ్యి దూరదు. అంత పాత ప్లాస్టిక్కు విప్పితే పెళుసెక్కి ముక్కలైపోతుంది, తర్వాత ఆ నింద నా మీద పడుతుంది అన్నాడు. అందులో తప్పేమీ లేదు. విజయనగరంలో పాత కార్ల సామాన్లు అమ్మే ఒక కొట్టు పేరు మాత్రం చెప్పాడు. దాలయ్య బస్సెక్కి వెళ్ళి ఒక కాయిల్ పట్టుకొచ్చాడు. కాయితంలో చుట్టి, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకొచ్చాడు. చూస్తే పుస్తకమంత ఉంది, అల్యూమినియం రేకుల మడతలు, రెండు ముక్కులు.

"ధనరాజు ఇప్పనన్నాడు బావా" అన్నాడు నాతో.

"నువ్వు ఇప్పుతావేటి?"

"సూడాల."

ఇంటి ముందంతా ఇసక. ఇసకలో స్క్రూ పడితే సముద్రంలో పడ్డట్టే. అందుకని కారుని చేపలు ఎండబెట్టే సిమెంటు గచ్చు మీదకి ఎక్కించాడు. బుల్లమ్మ ఆ పూట ఎండబెట్టవలసిన నెత్తళ్ళని తాటాకుల మీద ఇసకలో ఎండబెట్టుకుంది. గచ్చు అతనికి ఇవ్వడమే పెద్ద మాట అని నేను అనుకున్నాను.

దాలయ్య ఒక అరటిబోదె ముక్క తెచ్చి పక్కన పెట్టుకున్నాడు. స్క్రూ విప్పిన వెంటనే దాన్ని ఆ బోదెకి గుచ్చేవాడు, విప్పిన వరసలోనే. గేలాల వేటకి వెళ్ళేవాళ్ళు గేలాలు చిక్కుపడకుండా బుట్ట అంచుకి గుచ్చుకుంటారు, అదే అలవాటు. గ్లోవు పెట్టె వచ్చింది. రేడియో వచ్చింది, అది ఎప్పుడూ పలకలేదు. మీటరు వచ్చింది. డాష్ బోర్డు రెండు చోట్ల చిట్లింది, కానీ మొత్తానికి వచ్చింది. కారు లోపల చూస్తే కడుపు కోసిన చేపలా ఉంది, ఎక్కడ చూసినా వైర్లే. చూడడానికి వచ్చినవాళ్ళు తలో మాటా అన్నారు. ఇంక ఇది కారు కాదు, కోళ్ళ గూడుకి పనికొస్తుందన్నాడు మా నూకయ్య. దాలయ్యకి భుజం లేవదు కాబట్టి కుడిచేత్తో పైకి అందుకోలేడు. సీటు తీసేసి, నేల మీద వెల్లకిలా పడుకొని, ఎడమచేత్తో విప్పాడు.

చివరికి హీటరు పెట్టె బయటికి వచ్చింది. క్లిప్పులు ఊడదీసి పాత కాయిల్ లాగితే, మడతల్లో పచ్చగా మడ్డి పేరుకొని ఉంది. పసుపు. ఆ వైద్యం కన్నం ఒక్కటీ వదిలి మిగతా దారులన్నీ పూడ్చింది. దాలయ్య దాన్ని చూసి, నా వైపు ఒకసారి చూసి, పక్కన పెట్టాడు.

కొత్తది ఎక్కించి, పైపులు పెట్టి, క్లిప్పులు బిగించి, ధనరాజు కలిపేసిన ముడి విప్పి, ఇంజనులో కూలెంటు పోశాడు. నీళ్ళలో గాలి ఇరుక్కుంటే వేడి రాదని ధనరాజు ఫోనులో చెబితే, మూత తీసి ఇంజను నడిపి గాలి బుడగలు పోయేదాకా కూర్చున్నాడు. తడి ఎక్కడా లేదు. డాష్ బోర్డు మళ్ళీ బిగించాడు. బోదె మీద రెండు స్క్రూలు మిగిలిపోయాయి. ఏ బండి విప్పినా మిగలకుండా ఉండవు అన్నాను, ధైర్యం చెప్పడానికి.

మర్నాడు పొద్దున్నే బుల్లమ్మకి కబురు పెట్టాడు. అంటే నాతో చెప్పాడు, నేను చెప్పాను. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటున్నారు, మధ్యలో నేను.

బుల్లమ్మ మాటలకి పడే మనిషి కాదు. లోపలికి వెళ్ళి, అప్పుడే వార్చిన అన్నం గిన్నె గుడ్డతో పట్టుకొని వచ్చింది. కారు ఎడమ డోరు తీసి, గిన్నె సీటు ముందు నేల మీద పెట్టి, మూత తీసి, డోరు మూసింది. కిటికీల అద్దాలన్నీ పైకి ఎత్తించింది. తాను ఎక్కలేదు, బయటే నిలబడింది. అన్నం ఆవిరికి ముందు అద్దం చూస్తుండగానే తెల్లబడిపోయింది. లోపల దాలయ్య మసకమసకగా కనబడుతున్నాడు, కాసేపటికి అసలు కనబడలేదు.

"ఇప్పుడెయ్యి" అంది.

దాలయ్య హీటరు వేశాడు. ఫ్యాను మోత వినబడింది. మేం చూస్తూ నిలబడ్డాం. అద్దం తెల్లగానే ఉంది. దాలయ్య చెమటలు కక్కుతూ డోరు తీశాడు. వేడిగాలి వస్తోంది, కానీ అంతా కాళ్ళ దగ్గరే వస్తోంది. గాలి అద్దానికి పోవాలా కాళ్ళకి పోవాలా అని తిప్పే మూత ఒకటి ఉంటుంది, దాని తీగ తప్పు కొక్కేనికి తగిలించాడు. బుల్లమ్మ అన్నం గిన్నె తీసుకొని లోపలికి వెళ్ళిపోయింది.

మళ్ళీ మొత్తం విప్పాడు. ఈసారి చూడడానికి ఎవరూ రాలేదు, ఒకసారి చూసిన తమాషాయే కదా. నాకే పోనీలే అనిపించి దీపం పట్టుకున్నాను. ఇంత పట్టుదల సముద్రం మీద చూపించి ఉంటే సొంత పడవ ఉండేది కదరా అని కూడా అన్నాను. నవ్వాడో లేదో డాష్ బోర్డు కింద ఉన్నాడు కాబట్టి తెలియలేదు. తీగ సరైన కొక్కేనికి పెట్టాడు. మిగిలిపోయిన రెండు స్క్రూలకీ చోటు దొరికింది.

మళ్ళీ పొద్దున్న, మళ్ళీ అన్నం గిన్నె. అద్దం తెల్లబడింది. దాలయ్య హీటరు వేశాడు. అద్దం కింది అంచున, నడి మధ్యలో, అరచెయ్యంత మేర తేటపడింది. అది పైకి పాకింది, పక్కలకి పాకింది. ముందు స్టీరింగు, తర్వాత దాలయ్య గడ్డం, తర్వాత ముఖం బయటపడ్డాయి. ముఖమంతా చెమటలు కారుతున్నాయి, కళ్ళు బుల్లమ్మ మీదే ఉన్నాయి. నాకు నిజంగా సంతోషం వేసింది. ఇంక ఎక్కు అన్నాను.

బుల్లమ్మ ఎక్కలేదు. డోరు తీసి గిన్నె తీసుకుంది.

"అద్దం బాగున్నాది" అంది.

"మరేటి? అద్దం కుదిరితే ఎక్కుతానన్నావు కదా?"

"అన్నాను. అద్దమనే అనుకున్నాను అన్నా. ఇప్పుడు అద్దం బాగయిపోయినాక తెలుస్తంది, నాకు కావాల్సింది అది కాదు."

దాలయ్య కారులోంచి దిగి అవతలి పక్క నిలబడ్డాడు. ఆమె అతనితో మాట్లాడలేదు, నాతోనే చెప్పింది.

"నీకు తెలవదు అన్నా. ఆ బస్సు మీదకొచ్చినప్పుడు ఈ మనిషి డోరు తీసి దూకీసినాడు. నన్ను ఒగ్గీసి దూకీసినాడు. బస్సు నా సెంప పక్కనుంచి ఎల్లింది, అద్దం ముక్కలు ఒళ్ళో పడ్డాయి. సచ్చిపోయినాననుకోని ఇటు తిరిగి సూసినాను. సీటు కాళీ."

అప్పుడు దాలయ్య అన్నాడు.

"దూకీసినాను."

బుల్లమ్మ అతని వైపు చూసింది. ఇంకేమైనా అంటాడేమోనని చూసింది.

"అన్నం సల్లారిపోతంది" అని ఇంట్లోకి వెళ్ళింది.

నాకు ముందు కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ ఈ సంగతి కడుపులో పెట్టుకొని కాయిల్ విప్పుతూ కూర్చున్నాడు. నొప్పి ఒక చోట, కట్టు ఇంకో చోట. తర్వాత కొట్టుకి వచ్చి కూర్చొని ఆలోచిస్తే కోపం కాస్తా దిగిపోయింది. ఎందుకంటే నేనైనా దూకేవాడినే. పదేళ్ళ పిల్లాడిగా తెప్ప ఎక్కిన రోజునే మాకు నేర్పేది అది. పెద్ద ఓడ మీదికి వస్తే తెప్పని చూడకు, వలని చూడకు, ఓడకి దూరంగా ఉన్న వైపు నీళ్ళలోకి దూకెయ్. దూకినవాడు ఈదుకొని బతుకుతాడు, ఆలోచించినవాడు చస్తాడు. తెప్ప మీద ఉన్నవాళ్ళందరికీ తెలుసు కాబట్టి అందరూ దూకుతారు, ఒకడు ఇంకొకణ్ణి లాగక్కర్లేదు. మా సముద్రం మీద ఆడది ఉండదు. పక్కన పెళ్ళాం కూర్చొని ఉన్నప్పుడు ఏం చెయ్యాలో మాకు ఎవరూ నేర్పలేదు.

ఈ మాట బుల్లమ్మతో అన్నాను. అంతా విన్నది.

"అలాగే అన్నా, నిజమే. మరి ఇంకోసారి బస్సొస్తే?" అంది.

తెలియకుండా దూకిన కాళ్ళు ఇంకోసారి దూకవని ఎవరు పూచీ పడతారు? దాలయ్య మాట ఇచ్చినా అది నోరిచ్చిన మాటే, కాళ్ళు ఇచ్చింది కాదు. ఆ మాత్రం తెలుసు కాబట్టే అతను మాట ఇవ్వలేదేమో.

ఆదివారం సాయంకాలం దాలయ్య కొట్టుకి వచ్చి నైలాను తాడు అడిగాడు. పెద్ద పడవల లంగరుకి వాడే లావుది.

"ఎంత కావాల?"

"డోరుకి సరిపడా."

డోరు గడియ పాడైందేమో అనుకొని కోసి ఇచ్చాను. మర్నాడు తెల్లవారుతుండగా కొట్టు తలుపు తీస్తే ఎదురుగా కారు, వెనక బస్తాలు సర్ది ఉన్నాయి. దాలయ్య కారు లోపల తన వైపు కుడి డోరు మీదికి వంగి ఏదో చేస్తున్నాడు. దగ్గరికి వెళ్ళి చూశాను. లోపలి పిడిని ఆ తాడుతో సీటు కింది ఇనపకమ్మీకి కట్టేస్తున్నాడు. బిగుసుకుంటే కొయ్యాలి తప్ప విప్పడం కుదరని ముడి. ముడి బిగించి, ఎడమవైపు నుంచి బయటికి వచ్చి, కుడి డోరుని బయటినుంచి లాగి చూశాడు. అది కదల్లేదు.

ఆ సమయానికి బుల్లమ్మ బస్సు కోసం సంచి పట్టుకొని ఇంట్లోంచి వచ్చింది. కారు దాటి వెళ్ళబోతూ ఆగింది.

దాలయ్య ఆమె ముందు నుంచే ఎడమ డోరులోంచి కారులో దూరాడు. బుల్లమ్మ సీటు మీదుగా పాకి, గేరు రాడ్డు మీద మోకాలు కొట్టుకొని, భుజం లేవక కాస్త అవస్థ పడి, ఎలాగో తన సీట్లోకి జారాడు. మధ్యలో మోచెయ్యి తగిలి హారను మోగింది. ఎదురింటి కుక్క లేచి చూసింది.

నాకు ఉండబట్టలేదు. "ఇదేటి ఎర్రి పని దాలయ్యా? రేపు దిగాలంటే ఎలాగ?" అన్నాను.

"అది దిగితేనే నాను దిగుతాను బావా" అన్నాడు, ముందుకి చూస్తూ.

బుల్లమ్మ ఆ తాడు చూసింది. వంగి ముడి కూడా చూసింది, జాలరోళ్ళ ఆడపిల్ల కాబట్టి ఏ ముడి ఎలాంటిదో దానికి తెలుసు. నిలబడి కాసేపు రోడ్డు వైపు చూసింది. బస్సు టైము అయిపోతోంది. తర్వాత సంచి అతని ఒళ్ళోకి విసిరి, చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకొని తన సీట్లో కూర్చుంది.

"కాళ్ళు జరుపు" అంది. డోరు వేసుకుంది.

కారు వెళ్ళిపోయింది. పుష్యమాసం మంచు మా ఊరి మీద కూడా కాస్త ఉంది. అద్దం తేటగా ఉంది, మలుపు తిరిగేదాకా ఇద్దరూ కనబడ్డారు. అంతదూరం బుల్లమ్మ నోరు విప్పలేదు. మలుపు దాటాక విప్పిందో లేదో నాకు తెలియదు.

చలికాలం పోయి, ఎండలు వచ్చి, మళ్ళీ చలికాలం వచ్చింది. సీతంపేట సంతలో ఇప్పటికీ ముందు బుల్లమ్మ దిగుతుంది, వెనకాల ఆ డోరులోంచే దాలయ్య పాక్కుంటూ దిగుతాడు. చూసినవాళ్ళందరూ కుడి డోరు పాడైందనుకుంటారు. మొన్న హైవే మీద కారు ఆపితే ధనరాజు కూడా అలాగే అనుకొని, గడియ మారుస్తానని, చిటికెలో పనని, తాడు కొయ్యడానికి కత్తి తీశాడట.

"ఉండనీ" అందట బుల్లమ్మ.